పట్టిన చోటే వదలాలి

"రేపట్నించి నీకు ఆ పిల్లుల చాకిరీ తప్పిందిలే. పని పూర్తి చేసేశాను," అన్నాడు భర్త, ఖాళీ చేసిన కాఫీ కప్పు ఆమె చేతికిస్తూ.

అన్న తీరు చూడాలి! ఏదో నగ చేయించి తెచ్చి మెళ్లో వేస్తున్నవాడి మొహం. ఆమె ఆ సమయానికి ఒక కంట స్టవ్ మీద పాలు చూస్తూ, అత్తగారి మందుల సంచీ బల్ల మీద బోర్లించుకుని, తిండికి ముందు వేసే మాత్ర ఏదో, తిన్నాక వేసేది ఏదో విడదీస్తోంది. మూడు రోజులు ఆసుపత్రి కుర్చీలో ముడుచుకుని పడుకున్న నడుము ఇంకా సాగలేదు. అత్తగారి కంటికి ఆపరేషన్ అయింది. అరగంట పనే అన్నారు గాని, షుగర్ దిగలేదని మూడు రోజులు ఉంచేసి నిన్న రాత్రి ఇంటికి పంపారు. పెద్దావిడ దగ్గర ఎవరుండాలన్న ప్రశ్న ఆ ఇంట్లో పుట్టనే లేదు. కొడుక్కి ఆఫీసుంది, దానికి తోడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పదవి ఒకటుంది. కోడలికేముంది? షెల్టర్‌లో కుక్కల్నీ పిల్లుల్నీ చూసుకునే కాలక్షేపం ఉంది. కాలక్షేపమే కదా, మూడు రోజులు ఆపితే కొంపలేం మునగవు.

"ఏం పని పూర్తి చేశారు?" అంది.

"అదే, వెనకాల జనరేటర్ షెడ్డు దగ్గర నువ్వు మేపుతుంటావే, ఆ పదకొండూ. మొన్న మీటింగ్‌లో తీర్మానించి, పట్టి పంపించేశాం. నీ బోన్లతోనే! ఎంత సులువనుకున్నావ్? నువ్వు చేసినట్టే ఆ సొట్టపళ్లెం పట్టుకుని చెంచాతో మూడుసార్లు టంగుటంగుమనిపించా. పొలోమని వచ్చేశాయి. మూడు రోజులుగా తిండి లేదు కదా, నేను బోను తలుపు సరిచేసేలోపే లోపలికి దూరుతున్నాయి."

పాలు పొంగాయి. ఆమె స్టవ్ కట్టెయ్యలేదు. పొంగి పొంగి గట్టు మీద నుంచి కారుతున్న పాలని చూస్తూ నిలబడింది.

"పాలు, పాలు!" అన్నాడు ఆయన, కూర్చున్న చోటు నుంచే.

ఆ చప్పుడు ఆయనది కాదు. ఆమెది. మనిషి నీడ పడితే చాలు గోడ దూకి మాయమయ్యే పిల్లులవి. ఎవరింట్లోనూ పెరగలేదు, ఎవరి చెయ్యీ ఎరగవు. రెండేళ్ల కింద మొదలుపెట్టినప్పుడు, పళ్లెం కింద పెట్టి ఇరవై అడుగులు వెనక్కి నడిచి గోడ వైపు తిరిగి నిలబడితే గాని ఒక్కటీ ముందుకొచ్చేది కాదు. వానలో వెళ్లింది, జ్వరంలో వెళ్లింది, ఇల్లంతా చుట్టాలున్న రోజున కూడా పొద్దున్న ఆరింటికల్లా వెళ్లి మూడు దెబ్బలు కొట్టింది. అలా నమ్మకం కుదిరాక ఒక్కొక్కదాన్నీ బోనులో పట్టి, స్కూటర్ మీద షెల్టర్‌కి మోసుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, మళ్లీ తెచ్చి అదే జనరేటర్ షెడ్డు దగ్గర వదిలింది. ఆపరేషన్ అయిందని గుర్తుగా మత్తులో ఉండగానే ఎడమ చెవి కొన కాస్త కత్తిరిస్తారు. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది, దాన్ని మళ్లీ పట్టక్కర్లేదని. పట్టిన చోటే వదలాలి అన్నది షెల్టర్ నియమం. ఏ పైపు వెనక ఎండ తగులుతుందో, ఏ కారు కింద నుంచి ఎటు పారిపోవాలో ఆ పిల్లికి అక్కడే తెలుసు. కొత్తచోట పడేస్తే సగం బతకవు. ఖాళీ అయిన చోటికేమో నెల తిరక్కుండా ఆపరేషన్ లేని కొత్తవి వచ్చి చేరతాయి, మళ్లీ కథ మొదటికొస్తుంది. ఇప్పటికి తొమ్మిదింటికి చేయించింది. రెండేళ్లుగా ఆ సందులో పిల్లులు పెరగలేదంటే ఊరికే పెరగకుండా ఉన్నాయా? ఇదంతా ఆయనకు ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. మీటింగ్‌లో నాలుగు ముక్కలు చెప్పండని బతిమాలింది. "అక్కడ లిఫ్టు గురించీ నీళ్ల ట్యాంకు గురించీ మాట్లాడుకుంటాం. నీ పిల్లుల పురాణం విప్పితే నవ్విపోతారు," అన్నాడు. ఆ మీటింగ్‌లోనే ఇప్పుడు పిల్లులు ఎజెండాకెక్కాయి. ఎప్పుడు? ఆమె ఆసుపత్రిలో వాళ్లమ్మకి బెడ్‌పాన్ పెడుతున్న సాయంత్రం.

"లాయరమ్మని కూడా పట్టారా?"

"ఎవరదీ?"

"మూడు రంగుల పిల్లి. ఎప్పుడూ ఎవరితోనో వాదిస్తున్నట్టు అరుస్తుంది. చెవి కొన ఉంటుంది దానికి."

"అన్నీ పట్టాం అంటున్నానుగా. ఆ అరిచేది అన్నిటికన్నా ఆఖర్న, నిన్న సాయంత్రం చిక్కింది. బోనంతా రక్కేసింది. మహా పొగరు దానికి."

"అది పిల్లల్ని పెట్టి పది రోజులైంది. అందుకే దానికి ఆపరేషన్ ఆపాను. మీకు చెప్పాను కదా! భోజనం దగ్గర చెప్పాను. లాయరమ్మ పొట్ట తగ్గింది, పిల్లల్ని ఎక్కడ దాచిందో దొరకడం లేదు అని."

"చెప్పావా?" అన్నాడు.

నిజంగానే గుర్తులేదు ఆయనకి. ఆ రోజు "ఊఁ" అన్నాడు. ఫోన్ చూస్తూ అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఆ "ఊఁ"ని విన్నారని అర్థం చేసుకుంటూ వచ్చింది. నిన్న సాయంత్రం అంటే పన్నెండు గంటలు దాటింది. పది రోజుల పిల్లలు రెండు మూడు గంటలకొకసారి పాలు తాగాలి. తల్లి ఒంటి వెచ్చదనం లేకపోతే ఆకలి కన్నా ముందు చలే చంపేస్తుంది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మనిషే కదా, కూతురికి మూడో నెల వచ్చి తను మళ్లీ ల్యాబ్ ఉద్యోగానికి బయల్దేరిన రోజున గుమ్మానికి అడ్డంగా నిలబడి "పాలిచ్చే తల్లి ఇల్లు కదలకూడదు, అది ప్రకృతి ధర్మం" అని ఉపన్యాసం దంచింది! ఆ ధర్మానికి తలొగ్గి రాజీనామా రాసింది. కూతురు పెరిగి హాస్టల్‌కి వెళ్లిపోయింది, ఉద్యోగం తిరిగి రాలేదు. ఇవాళ అదే నోటితో, పాలిచ్చే తల్లిని పట్టి పంపించానని గొప్పగా చెప్పుకుంటున్నాడు.

"ఒసేయ్ అమ్మాయ్!" లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది. "రాత్రంతా ఏవో పసివి ఏడుస్తూనే ఉన్నాయే. నాకు కంటి మీద కునుకు లేదు. బాత్రూం గోడవతల నుంచి వస్తోంది. తెల్లారగట్ల బాగా తగ్గింది, అదే భయంగా ఉంది."

కంటికి కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది ఆవిడ. పిల్లులంటే ఆవిడకి మొదట్నించీ గిట్టదు. "మనుషులకి చేస్తే పేరైనా వస్తుంది, పిల్లులకి చేస్తే ఏమొస్తుందే నీ మొహం?" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. కానీ చెవులు మాత్రం పాము చెవులు. కోడలు బాత్రూం కిటికీ తెరిచి చెవి ఒగ్గింది. పైపులు దిగే సన్నటి సందులోంచి, ఉండీ లేనట్టు, ఒక సన్నటి కూత.

చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తింది. వాచ్‌మన్ ఆ సందు గ్రిల్ తాళం తీశాడు. ఎవరో పారేసిన పగిలిన వాష్‌బేసిన్‌లో, తుడుపు గుడ్డల మధ్య, నాలుగు. మూడు కదులుతున్నాయి. నాలుగోది, అన్నిటికన్నా చిన్నది, చల్లగా ఉంది. గుప్పిట్లోకి తీసుకుని నోటితో వెచ్చటి గాలి ఊదితే ఎంతోసేపటికి పొట్ట ఒక్కసారి ఎగసింది. చున్నీలో నాలుగింటినీ మూటగట్టి ఒంటికి ఆనించుకుని, వాచ్‌మన్ వైపు తిరిగింది.

"ఎక్కడ వదిలారు?"

"సార్ చెప్పొద్దన్నారమ్మా."

ఆమె చున్నీ కాస్త తెరిచి చూపించింది. అతను మొహం తిప్పుకున్నాడు.

"బస్సు డిపో వెనక పాత టైర్లు పోస్తారు చూడండమ్మా, అక్కడికి వ్యాన్‌లో సారే తీసుకెళ్లారు. నేనొక్క మాట అన్నానమ్మా, చెవి కోసినవన్నీ అమ్మగారివి సార్, అని. 'ఏం, చెవులకి పట్టా రాయించుకుందా మీ అమ్మగారు' అన్నారు. ఇంక నేనేమంటాను?"

పైకి వచ్చేసరికి భర్త బూట్లు వేసుకుని క్యారేజీ కోసం నిలబడి ఉన్నాడు. చున్నీలో కదులుతున్న మూట చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. మంచివాడు కాకపోడు, పాపం. ఎదురుగా కనబడితే జాలిపడతాడు. కనబడకపోతేనే ఏమైనా చేయగలడు.

"అయ్యో, ఇవి ఉన్నాయని నాకేం తెలుసు? సర్లే, నీ షెల్టర్‌కి తీసుకెళ్లు. అక్కడ ఎలాగూ ఏదొచ్చినా చంపరుగా, పెంచుతారుగా."

"తల్లిని ఎక్కడ వదిలారు?"

"వ్యాన్ వాడికి చెప్పాను. ఊరవతల ఏదో మంచి చోటట," అన్నాడు, గడియారం చూసుకుంటూ. ఎంత తడుముకోకుండా అన్నాడో! "ఆఁ, ఇంకో చిన్న పనుంది నీతో. మూడో అంతస్తు మాస్టారు గొడవ చేస్తున్నాడు. జంతువుల్ని అలా తీసుకెళ్లి వదలడం నేరమట, పోలీసు కంప్లైంటు ఇస్తాడట. ఏం లేదు, ఆ పదకొండూ మా షెల్టర్‌లోనే ఉన్నాయి, మేమే తీసుకున్నాం అని ఒక కాగితం ఇచ్చెయ్. నీ సంతకం చాలు. నువ్వేగా అక్కడ పిల్లుల విభాగం ఇన్‌చార్జివి! రాసే శ్రమ కూడా పెట్టన్లే, ఆఫీసులో టైపు చేయించి తెస్తాను. సాయంత్రం ఐదింటికి ప్రెసిడెంటు గారు వస్తున్నారు."

ఇన్‌చార్జి! ఆరేళ్లు! ఆరేళ్లుగా ఆ మాట ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. చుట్టాలు అడిగితే "ఊరికే ఇంట్లో కూర్చుంటే తోచక కుక్కలకి బువ్వ పెట్టొస్తుంది" అనేవాడు. జీతం లేదు కాబట్టి పని కాదు, పని కాదు కాబట్టి అలసట లేదు, అలసట లేదు కాబట్టి రాత్రికి వంట ఎందుకు ఆలస్యమైందో జవాబు చెప్పాలి. ఆ లెక్కే ఇంటి చాకిరీకీ వర్తించింది. ఆసుపత్రిలో మూడు రాత్రులు కూర్చుంటే, పక్క మంచం వాళ్లు "మీ అబ్బాయి ఎంత బాగా చూసుకుంటున్నాడండీ" అని అత్తగారితో అన్నారు, బిల్లు కట్టడానికి పావుగంట వచ్చి వెళ్లినందుకు. ఇన్నాళ్లూ కాలక్షేపమైనది ఇవాళ ఒక్కసారిగా పదవి అయిపోయింది. ఎందుకూ? అబద్ధం కింద సంతకం పెట్టడానికి పదవి ఉన్న మనిషి కావాలి గనక.

ఆమె మారు మాట్లాడలేదు. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకుందనుకుని ఆయన తేలిగ్గా మెట్లు దిగిపోయాడు.

అత్తగారి కంట్లో చుక్కలు వేసి, పళ్లెంలో తిండి పెట్టి మూతవేసి, ఫోన్ చేతికందేట్టు ఉంచి, "అత్తయ్యా, నేను సాయంత్రం దాకా రాలేను," అంది. తిట్లకి సిద్ధపడే అంది.

"ఆ చిన్నది బతికే ఉందా?"

"ఇంకా ఉంది."

"అయితే ఇక్కడ నిలబడి నా మొహం చూస్తావేమే? పో పో. నేనేమైనా పసిదాన్నా?"

షెల్టర్ అంటే పాత గోడౌన్, దాని ముందు రేకుల వసారా. వందింటికి కట్టిన చోట నూట నలభై ఉన్నాయి. చోటు చాలడం లేదనో, ముసలిదైందనో, ఎవరూ తీసుకెళ్లడం లేదనో ఇక్కడ ఏ ప్రాణినీ చంపరు. ఇంట్లో ఇమడగలిగినవాటికి ఇల్లు వెతుకుతారు, ఇమడలేనివాటికి ఇదే ఇల్లు. రెండు కళ్లూ పోయిన కుక్క ఒకటి ఏడేళ్లుగా వసారాలో పడుకుని వచ్చినవాళ్లని వాసన బట్టి పలకరిస్తుంది. మనుషులు తెచ్చి వదిలేసేటప్పుడు కారణం రాయాలి, ఆ కాగితాలన్నీ దాచేది ఈమే. పాప పుట్టింది, ఇక కుక్క అక్కర్లేదు. ముసలిదైంది, కాపలాకి పనికిరావడం లేదు. కొత్త సోఫా పాడుచేస్తోంది. ఇన్నేళ్లు చదివాక ఆమెకి ఒకటి తెలిసింది. పని జరిగినన్నాళ్లు ఆ ప్రాణి ఇంట్లో మనిషి లాంటిది. పని జరగడం ఆగిన రోజున అది జంతువని గుర్తొస్తుంది. ఇది చదివిన రాత్రులు ఆమెకి వంటింట్లో ఎందుకో ఒళ్లు మండేది, ఎవరి మీదో తెలిసేది కాదు. ఇవాళ తెలిసింది.

డాక్టరమ్మ, షెల్టర్‌లో జంతువులన్నిటికీ వైద్యం చేసే మనిషి, పిల్లల్ని వేడినీళ్ల సీసాల మధ్య పడుకోబెట్టింది. వెచ్చబడ్డాక మూడింటికి సీసాతో పాలు పట్టింది. నాలుగోది చప్పరించలేదు. నోట్లో చుక్క చుక్కగా వేసింది.

"మనం ఎంత పట్టినా తల్లి తల్లే. ఈ చిన్నది మన పాలతో రేపటిదాకా ఆగదు. ఎవరండీ ఇంత దుర్మార్గం చేసింది? పాలున్న పిల్లిని పట్టడానికి చేతులెలా వచ్చాయి?"

"మా ఆయన," అంది ఆమె.

డాక్టరమ్మ చేతిలో సీసా ఆగింది. గోడకున్న బోన్లలోంచి రెండు కిందికి దించి, "ఇవి వ్యాన్‌లో పెట్టండి, నేనూ వస్తున్నాను," అంది.

డిపో వెనక టైర్ల గుట్టలు ఒక మైదానమంత ఉన్నాయి. అటు రోడ్డు మీద బస్సులు తోసుకుంటూ పోతున్నాయి. ఆమె అలవాటుగా పళ్లెం కింద పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి జరిగి, ఇంకో పళ్లెం మీద చెంచాతో మూడు దెబ్బలు కొట్టింది. ఏదీ రాలేదు. ఇంకోసారి కొట్టింది. అప్పుడు కనిపించింది, ఒక టైరు లోపల, కండక్టరు. అందరి తిండీ అయ్యిందా లేదా అని చూస్తూ వరస వెంట తిరిగే బూడిదరంగు పిల్లి. ఆమెనే చూస్తోంది. ఆమె మూడోసారి చెంచా ఎత్తింది. కండక్టరు చెవులు వెనక్కి వాల్చి, ఒళ్లంతా నేలకి అదిమి, వెనక్కి వెనక్కి జరిగి చీకట్లోకి పోయింది.

ఆమె చెంచా దించేసింది. రెండేళ్లు! పొద్దున్నే లేచి, ఒక్కరోజు తప్పకుండా, ఒక్కసారి మోసం చేయకుండా కూడబెట్టుకున్న నమ్మకం. ఈ ఊళ్లో ఆమె పిలిస్తే పలికే ప్రాణులంటూ ఉంటే అవే. ఆ పిలుపుని రెండు సాయంత్రాల్లో ఖర్చు పెట్టేశాడు. అడగను కూడా అడగలేదు. అల్మరాలోంచి తన చొక్కా తీసుకున్నట్టు తీసుకుని వాడేశాడు. ఏడుపొచ్చింది. టైర్ల మధ్య నిలబడి, డాక్టరమ్మ చూస్తోందని కూడా సిగ్గుపడకుండా గట్టిగా ఏడ్చింది. "నా గొంతు వాడుకున్నాడండీ," అంది. "నా గొంతుతో పిలిచి పట్టాడు."

"కడుక్కోండి మొహం," అంది డాక్టరమ్మ నీళ్ల సీసా ఇస్తూ. "గొంతు మీది పనిచేయకపోతే పిల్లలది పనిచేస్తుంది."

నాలుగింటిలోకీ గట్టిదాన్ని ఒక బుట్టలో వేడినీళ్ల సీసాతో సహా తెచ్చారు. ఆ బుట్టని బోను వెనక ఆనించి, రెంటి మీదా గుడ్డ కప్పారు. తల్లి బిడ్డ దగ్గరికి వెళ్లాలంటే బోనులోంచే వెళ్లాలి. ఇద్దరూ దూరంగా వ్యాన్ వెనక కూర్చున్నారు. లోపల అది ఆకలికి కూత మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు గడిచాయి. టైర్ల గుట్ట పైనుంచి ముందు అరుపు వినిపించింది, తర్వాత మనిషి, అంటే లాయరమ్మే. ముందుకాలు ఒకటి కుంటుతూ, కోర్టులో కేసు వాదిస్తున్నట్టు ఆపకుండా అరుస్తూ దిగింది. నిన్ననే అలాంటి బోనొకటి తనని మింగింది. దాని తలుపు ముందు ఒక్క క్షణం ఆగింది. లోపల బిడ్డ కూసింది. లాయరమ్మ తల వంచి నేరుగా లోపలికి నడిచింది.

మధ్యాహ్నం మూడింటి దాకా ఆకలే పని చేసింది. ఇంకో నాలుగు చిక్కాయి. కండక్టరు చిక్కలేదు. బావగారు రోడ్డు పక్కన దొరికాడు. పళ్లెం పెట్టాక కూడా దూరంగా కూర్చుని, నాలుగుసార్లు బతిమాలితే గాని వచ్చి తినడు కాబట్టి ఆ తెల్లపిల్లికి బావగారని పేరు. ఎడమ చెవి కొన లేదు. ఏ బస్సు కిందో పడ్డాడు. ఆమె తన చున్నీ తీసి చుట్టి, మోకాళ్ల మీద పెట్టుకుని షెల్టర్‌కి తెచ్చి వెనకాల పాతిపెట్టింది. అయిదు దొరికాయి, ఒకటి పోయింది, అయిదు ఇంకా ఆ టైర్లలో ఉన్నాయి.

లాయరమ్మని పిల్లలున్న పెట్టెలోకి వదిలితే ముందు ఆమె మీదికే బుస్సుమంది. తర్వాత నాలుగింటినీ వాసన చూసి, పడుకుని, పాలిచ్చింది. మూడు ఎగబడ్డాయి. నాలుగోది కదల్లేదు. లాయరమ్మ దాన్ని నాకడం మొదలుపెట్టింది. ఎంతసేపని! మొరటుగా, వదలకుండా, తలకిందులు చేసి మరీ నాకింది. ఆఖరికి అది విసుక్కున్నట్టు నోరు తెరిచి తల్లి పొట్ట వైపు పాకింది. డాక్టరమ్మ అప్పుడు గాని చేతులు కడుక్కోలేదు.

"లెటర్‌హెడ్ కాగితాలు మూడు కావాలి," అంది ఆమె. డాక్టరమ్మ ఎందుకని అడగలేదు, తీసి ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఐదు దాటింది. హాల్లో ప్రెసిడెంటు గారు సోఫాలో కాళ్లూపుతూ కూర్చుని ఉన్నాడు. భర్త ఎదురొచ్చాడు. "ఇంతసేపా? ప్రెసిడెంటు గారికి టీ కూడా లేదు. సరే, ముందు ఇక్కడ సంతకం పెట్టు." టైపు చేసిన కాగితం. 'మొత్తం పదకొండు పిల్లులను మా షెల్టర్ సురక్షితంగా స్వీకరించింది.' కింద ఆమె పేరు, దాని కింద ఇన్‌చార్జి అని, పెన్ను కూడా క్యాప్ తీసి సిద్ధంగా.

ఆమె దాన్ని మడిచి పక్కన పెట్టి, తన సంచీలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది.

ఆయన చదువుతుంటే ప్రెసిడెంటు మెడ చాచి తనూ చదివాడు. అసోసియేషన్ సెక్రటరీ గారు తమ ఆధ్వర్యంలో ఈ భవనం వెనక నుంచి పదకొండు పిల్లులను పట్టి బస్సు డిపో వెనక వదిలారని ఉంది. వాటిలో తొమ్మిదింటికి ఆపరేషనూ టీకా అయ్యాయని, ఒకటి పాలిచ్చే తల్లి అని, షెల్టర్ వీటిని స్వీకరించలేదని, వెతికి అయిదింటిని తెచ్చిందని, ఒకటి చనిపోయిందని, అయిదు దొరకాలని ఉంది. దొరికినవన్నిటినీ నియమం ప్రకారం పట్టిన చోటే, అంటే ఈ భవనం వెనకే వదులుతామని ఉంది. కింద ఆమె సంతకం.

"ఏమిటిది?" భర్త గొంతు కీచుమంది. "కట్టుకున్నవాడి మీద కాగితం రాస్తావా?"

"సెక్రటరీ గారి మీద రాశాను. ఇన్‌చార్జిని కదా. పొద్దున మీరే అన్నారు."

"మూడు రోజులు మా అమ్మకి చేశావని మొహమాటపడి ఊరుకుంటున్నా..."

"నా పేరు తేకురా అందులోకి!" లోపలి గదిలోంచి అత్తగారి కేక. "రాత్రంతా వాటి ఏడుపు విన్నది నేను. ఆ కాగితం ఇలా పట్రా, సాక్షి సంతకం నేను పెడతా. ఒక కన్ను పనిచేస్తోందిగా ఇంకా!"

ప్రెసిడెంటు గారు కాళ్లూపడం మానేశాడు. "ఇందులో... ప్రెసిడెంటు అని ఎక్కడా లేదు కదమ్మా?"

"ఇప్పటికి లేదండీ."

"ఇది ఇంకెవరికైనా...?"

"మూడో అంతస్తు మాస్టారికి ఒకటి ఇచ్చాను. లిఫ్టు పక్కన బోర్డుకి ఒకటి అంటించి వచ్చాను. ఇది మీది." ఆమె గొంతు పెరగలేదు. అంత కోపం ఉంటే గొంతు పెరగాలని ఇన్నాళ్లూ అనుకునేది. పెరగక్కర్లేదని ఇప్పుడే తెలిసింది. భర్త వైపు తిరిగింది. "ఇంకా అయిదు ఉన్నాయి. ఏది ఎటు పరిగెత్తిందో చూసింది మీరు. నేను పిలిస్తే ఇక రావవి. చీకటి పడడానికి గంటకు పైనే ఉంది, పదండి."

"నేనా? టైర్ల గుట్టల్లోనా?"

"అయిదూ దొరికేదాకా, రోజూ."

ఆయన ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు గారు ఎదుటి గోడ వైపు చూశాడు. "వెళ్లవయ్యా, వెళ్లు," అన్నాడు. "మాస్టారు నిజంగానే స్టేషన్‌కి వెళ్తే అందరం నవ్వులపాలవుతాం. నువ్వే కదా సులువన్నావు."

ఆయన ప్యాంటు జేబులు తడుముకున్నాడు, గుమ్మం వైపు చూశాడు, సోఫా కింద చూశాడు.

"నా చెప్పులేవీ?" అన్నాడు, పద్దెనిమిదేళ్లుగా అడుగుతున్నట్టే.

అవి బాల్కనీలో తలుపు వెనక ఉన్నాయి. ఆమెకి తెలుసు. బోను చేత్తో పట్టుకుని, రెండో బోను ఆయన కోసం గుమ్మంలో ఉంచి, మెట్లు దిగడం మొదలుపెట్టింది.